నట్టు, పిన్ను, సంతకం: మరమ్మతు తప్పులతో హెలికాప్టర్లు ఎలా కూలుతాయి

2011 డిసెంబర్ 7, పొద్దుగూకే వేళ. లాస్ వేగస్ నుంచి నలుగురు పర్యాటకులతో హూవర్ డ్యామ్ వైపు వెళ్తున్న ఒక ఏఎస్‌350 హెలికాప్టర్ నిలకడగా ఎగురుతూ ఉన్నట్టుండి 600 అడుగులు పైకి లేచింది. ఎడమకు దాదాపు 90 డిగ్రీలు తిరిగింది. ఆ తర్వాత 800 అడుగులు దిగి, కాసేపు అలాగే సాగింది. మళ్లీ ఎడమకు తిరిగి, నిమిషానికి 2,500 అడుగులకు తగ్గని వేగంతో దిగిపోతూ కొండల్లో కూలింది. పైలట్‌తో సహా ఐదుగురూ చనిపోయారు.

ముందురోజే ఆ హెలికాప్టర్‌కు 100 గంటల తనిఖీ జరిగింది. అందులో భాగంగా, ప్రధాన రోటర్‌ను ముందుకూ వెనక్కూ వంచే హైడ్రాలిక్ సర్వోను మార్చారు. పైలట్ కదలికను ఆ సర్వోకు చేరవేసే కడ్డీ గాలిలో ఉండగా ఊడిపోయిందని అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. అరిగిపోయిన సెల్ఫ్ లాకింగ్ నట్టునే మళ్లీ వాడారు. స్ప్లిట్ పిన్ను అసలు వేయలేదు, లేదా సరిగా వేయలేదు. ఆ తర్వాత చూసినవాళ్లకు ఈ రెండూ కంటపడలేదు.

ఆ జాయింటును కాస్త దగ్గరగా చూద్దాం. హెలికాప్టర్ బ్లేడ్ల మీద గాలి వేసే బరువును మనిషి చేతి బలం ఆపలేదు, అందుకే మధ్యలో సర్వో ఉంటుంది. పైలట్ కంట్రోల్ కర్ర కదిపితే కడ్డీ కదులుతుంది, కడ్డీ సర్వో మీది చిన్న లివర్‌ను కదుపుతుంది, అప్పుడు ఆయిల్ ఒత్తిడి అసలు పని చేస్తుంది. కడ్డీనీ లివర్‌నూ కలిపి పట్టేది చిటికెన వేలికన్నా సన్నని బోల్టు. దాని చివర నట్టుంటుంది. నట్టు తలలో గాడులుంటాయి, బోల్టులో అడ్డంగా రంధ్రం ఉంటుంది, ఆ రెంటి గుండా స్ప్లిట్ పిన్ను దూరి కాళ్లు మడుచుకుంటుంది. నట్టు తనంతట తాను మరలను గట్టిగా పట్టుకోవడం మొదటి తాళం. పిన్ను రెండోది. ఒకటి పోయినా రెండోది కాపాడాలన్నదే ఆ డిజైన్ ఉద్దేశం. ఇక్కడ మొదటి తాళం అరిగిపోయింది, రెండోది లేదు. కంపనానికి నట్టు కొంచెం కొంచెంగా వెనక్కి తిరిగింది, బోల్టు జారిపోయింది, కడ్డీ వేలాడింది. ఆ క్షణం నుంచి కర్ర పైలట్ చేతిలోనే ఉన్నా, సర్వో మాత్రం అతని మాట వినదు.

పని ముగించినప్పుడు ఆ నట్టు గట్టిగానే అనిపించి ఉంటుంది. ప్రమాదం జరిగింది మరుసటి రోజు సాయంత్రం. మరమ్మతు తప్పుల్లో నిజంగా భయపెట్టేది ఇదే. పని అయిపోయిందని చెప్పే గుర్తు ఒకటి, లోపల వస్తువు ఉన్న స్థితి మరొకటి. బిగించే బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ క్లిక్‌మంటుంది, కార్డు మీద సంతకం పడుతుంది, స్క్రీన్ మీద ఎర్ర దీపం వెలగదు. ఇవన్నీ గుర్తులే. గుర్తుకూ స్థితికీ మధ్య ఎక్కడ, ఎందుకు తేడా వస్తుందో తెలిస్తే ఈ ప్రమాదాలు చాలావరకు అర్థమవుతాయి.

హెలికాప్టర్‌కే ఎందుకింత గండం

విమానానికీ నట్టులు, పిన్నులు ఉంటాయి. కానీ విమానం రెక్క కదలకుండా ఉంటుంది, హెలికాప్టర్ రెక్క తిరుగుతూ ఉంటుంది. ఏఎస్‌350 ప్రధాన రోటర్ నిమిషానికి సుమారు 390 సార్లు తిరుగుతుంది, అంటే గంటకు 23,400 సార్లు. బ్లేడ్లు మూడు కాబట్టి ఒక్కో చుట్టుకు మూడు కుదుపులు, గంటకు 70 వేల పైచిలుకు. ఒక 100 గంటల తనిఖీకీ తర్వాతి దానికీ మధ్య అది 70 లక్షలు దాటుతుంది. నేల మీద నెలల తరబడి చెక్కుచెదరని వదులు నట్టు ఇక్కడ ఒక్క పూటలో ఊడిపోగలదు. లోహం అలసిపోయి చిట్లడానికి కూడా ఏళ్లు పట్టనక్కర్లేదు.

రెండో కారణం దారి ఒక్కటే కావడం. ఇంజిన్ బలాన్నీ పైలట్ అదుపునూ రోటర్లకు చేర్చే గేర్‌బాక్స్, మాస్ట్, హబ్, స్వాష్‌ప్లేట్, పిచ్ లింకులు, టెయిల్ రోటర్ షాఫ్టు, వీటిలో చాలావాటికి ప్రత్యామ్నాయం ఉండదు. రెండు ఇంజిన్లున్న హెలికాప్టర్‌లోనూ ప్రధాన గేర్‌బాక్స్ ఒక్కటే. ఇంజిన్ ఆగితే ఆటోరొటేషన్‌తో, అంటే కిందినుంచి వచ్చే గాలికే రోటర్ తిరుగుతుండగా, దిగే అవకాశం ఉంది. కంట్రోల్ కడ్డీ ఊడితే ఆ అవకాశం కూడా లేదు. అందుకే ఈ యంత్రంలో మెకానిక్ చేతిలోని స్పానర్ బరువు వేరు.

2007 మార్చిలో హవాయిలోని కవాయి ద్వీపంలో ఇదే ఏఎస్‌350 కుటుంబానికి చెందిన పర్యాటక హెలికాప్టర్ కూలినప్పుడు కూడా దర్యాప్తు మెకానిక్ బిగించిన సర్వో జాయింటు దగ్గరికే చేరింది. దాదాపు ఐదేళ్ల తేడాతో రెండు ప్రమాదాలు, రెండుచోట్లా సర్వో, రెండుచోట్లా ఊడిన జాయింటు.

నట్టును చేత్తో అడగాలి

సెల్ఫ్ లాకింగ్ నట్టులో పైభాగాన నైలాన్ రింగు ఉంటుంది, లేదా లోహాన్నే కొంచెం నొక్కి గుండ్రం తప్పించి ఉంచుతారు. బోల్టు మర అక్కడికి చేరాక నట్టు బిగుసుగా తిరగాలి. ఎన్నిసార్లు వేసి తీస్తే అంతగా ఆ పట్టు సన్నగిల్లుతుంది. ఇది కంటికి కనిపించదు, చేతికే తెలుస్తుంది. నట్టును శుభ్రమైన బోల్టు మీద వేసి, మర లాకింగ్ భాగం దాటేదాకా తిప్పాలి. వేళ్లతోనే తిరిగిపోతే అది పారేయాల్సిన నట్టు. అనుమానం ఉంటే చిన్న టార్క్ రెంచ్‌తో ఆ నిరోధాన్ని కొలిచి, ఆ సైజుకు మాన్యువల్ చెప్పిన కనీస విలువతో పోల్చాలి. పారేసేదాన్ని వంచో కోసో పారేయాలి. బాగున్న నట్టుల డబ్బాలో పడిన అరిగిన నట్టు మళ్లీ ఏదో ఒక రోటర్ ఎక్కుతుంది.

నైలాన్ రింగున్న నట్టు సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దాకానే పనికొస్తుంది. ఇంజిన్ పక్కన వేడి చోట్ల అది వాడకూడదు, అక్కడ పూర్తి లోహపు నట్టే ఉండాలి. బయటికి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి పార్ట్ నంబర్ చూడకుండా చేతికందింది వేయడం ఇక్కడ పనికిరాదు. బిగించాక బోల్టు చివరి గుండ్రటి అంచు మొత్తం నట్టు బయటికి రావాలి. రాకపోతే లాకింగ్ భాగం మరను అందుకోనట్టే.

స్ప్లిట్ పిన్ను ఒక్కసారికే. తీసిన పిన్నును చక్కగా సాగదీసి మళ్లీ వాడితే, మడిచినచోట అది అప్పటికే సగం విరిగినట్టు లెక్క. నట్టును టార్క్ పరిధిలో తక్కువ విలువకు బిగించి చూడాలి. గాడి, రంధ్రం ఒక గీతలోకి రాకపోతే పై విలువ దాటకుండా ఇంకొంచెం బిగించాలి. అప్పటికీ రాకపోతే నట్టు తీసి, వేరే మందం వాషర్ వేసి మొదటినుంచి చేయాలి. గాడి కుదరడానికి నట్టును వెనక్కి తిప్పడం తప్పు. ఆ పావు చుట్టుతో పోయే బిగువు చిన్నది కాదు.

బోల్టులు, నట్టులు వదులు కాకుండా కట్టి ఉంచే లాక్ వైర్ విషయంలో అందరికీ తెలిసినా జారిపోయేది దిశ. 0.8 మిల్లీమీటర్ల వైరు, అంగుళానికి 6 నుంచి 8 మెలికలు, చివర చిన్న తోక వంచి లోపలికి నొక్కడం, ఇవన్నీ సరిగానే చేసి, వైరు నట్టును విప్పే వైపు లాగేలా కడితే చూడటానికి పని అందంగా ఉంటుంది. తాళం మాత్రం తలకిందులుగా పడింది. బోల్టు వదులవ్వాలని చూస్తే వైరు బిగుసుకోవాలి, అదొక్కటే పరీక్ష.

క్లిక్‌మన్నంత మాత్రాన బిగిసినట్టు కాదు

మరమ్మతు లోకంలో ఎక్కువమంది పొరబడేది టార్క్ గురించే. టార్క్ రెంచ్ కొలిచేది తిప్పడానికి పట్టిన బలాన్ని. మనకు కావాల్సింది బోల్టు సాగడం. సాగిన బోల్టు స్ప్రింగులా రెండు భాగాలనూ అదిమి పట్టుకుంటుంది, ఆ అదుమే జాయింటును కాపాడేది. మనం పెట్టిన బలంలో మోటుగా సగం నట్టు ముఖం కింది రాపిడికి పోతుంది, మరో 40 శాతం మరల రాపిడికి పోతుంది. బోల్టును సాగదీసేది ఆ మిగిలిన 10 శాతమే.

ఇప్పుడు మరలు దెబ్బతిని రాపిడి కాస్త పెరిగిందనుకుందాం. 90 శాతం రాపిడి 95 అయితే మిగిలేది 10 కాదు, 5. రెంచ్ అదే అంకె దగ్గర క్లిక్‌మంటుంది, బోల్టు బిగువు మాత్రం సగానికి పడిపోతుంది. దీనికి ఎదురుగా, పొడి మరలకు చెప్పిన టార్క్‌ను నూనె రాసిన మరల మీద పెడితే బోల్టు తట్టుకోలేనంత సాగుతుంది. మాన్యువల్‌లో "పొడిగా" లేక "గ్రీజుతో" అన్న ఒక్క మాట టార్క్ అంకెకున్నంత విలువ గలది.

2009 మార్చి 12న కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరం నుంచి చమురు రిగ్గులకు వెళ్తున్న ఎస్‌-92ఏ హెలికాప్టర్ అట్లాంటిక్‌లో కూలింది. ఉన్న 18 మందిలో 17 మంది చనిపోయారు. ప్రధాన గేర్‌బాక్స్ ఆయిల్ ఫిల్టర్ గిన్నెను పట్టి ఉంచే టైటానియం స్టడ్లు, అంటే తల లేని బోల్టుల్లాంటివి, మూడు. వాటిలో రెండు విరిగి ఆయిల్ మొత్తం బయటికి పోయింది. కెనడా రవాణా భద్రతా సంస్థ టీఎస్‌బీ నివేదిక ఇక్కడ సరిగ్గా పైన చెప్పిన సంగతినే పట్టుకుంది. టైటానియం స్టడ్ మీద మరలు ఒరుసుకుని చిట్లాయి. లోహం లోహాన్ని పీక్కునే ఈ స్థితిని గ్యాలింగ్ అంటారు. దానివల్ల బిగించినప్పుడు స్టడ్‌కు రావాల్సిన బిగువు రాలేదు. ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ అది ఇంకొంచెం పెరిగింది, పాత నట్టులనే మళ్లీ వాడడం దాన్ని ఎక్కువ చేసింది. బిగువు తగ్గిన స్టడ్ ప్రతి కుదుపుకూ సాగి ముడుచుకుంటుంది. అలా అలసిపోయి విరిగింది.

హెచ్చరిక ముందే వచ్చింది. 2008 జూలైలో ఆస్ట్రేలియాలోని బ్రూమ్ దగ్గర మరో ఎస్‌-92లో ఇవే స్టడ్లు విరిగాయి, అది క్షేమంగా దిగగలిగింది. 2009 జనవరిలో తయారీదారు టైటానియం స్టడ్లు తీసి ఉక్కువి వేయమంది. గడువు ఏడాది, లేదా 1,250 గంటలు. మాన్యువల్‌లో స్టడ్లు దెబ్బతిన్నాయో లేదో చూసే పద్ధతి కూడా చేర్చారు. ఆ పద్ధతిని సరిగా అమలు చేయకపోవడంతో దెబ్బతిన్న స్టడ్లు బయటపడలేదని నివేదిక చెప్పింది. గడువు తీరలేదు కాబట్టి కాగితం మీద అంతా సవ్యంగానే ఉంది. నా ఉద్దేశంలో ఈ రంగంలో అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సిన నివేదిక ఇదే, ఎందుకంటే ఇక్కడ విలన్ అంటూ ఎవరూ లేరు. ఫిల్టర్ మార్చడమనే మామూలు పనే ఒక్కోసారి కొంచెం చొప్పున జాయింటును తినేసింది.

పనిలో ఇది ఇలా దిగుతుంది. నట్టును ముందు చేత్తో వేయాలి. మొదటి మరల్లోనే గరగరమంటే, ఒకచోట పట్టేసి మరోచోట వదులైతే ఆగి, స్టడ్‌నూ నట్టునూ శుభ్రం చేసి, దీపం వెలుగులో మరలు చూడాలి. నట్టును తిప్పడానికే ఎంత టార్క్ పడుతోందో ముందు కొలవాలి. మాన్యువల్ వేరేలా చెప్పకపోతే ఆ విలువను అసలు టార్క్‌కు కలపాలి. తిప్పడానికే 2 న్యూటన్ మీటర్లు పట్టి, చెప్పిన టార్క్ 12 అయితే రెంచ్ పెట్టాల్సింది 14కు. కొలిచిన నిరోధం మాన్యువల్ గరిష్ఠం దాటితే మాత్రం కలపడం కాదు, భాగం మార్చడమే.

రెంచ్‌కు ఎక్స్‌టెన్షన్ తగిలించినప్పుడు ఇంకో తప్పు కాచుకుని ఉంటుంది. 400 మిల్లీమీటర్ల రెంచ్‌కు నేరుగా ముందుకు 100 మిల్లీమీటర్ల అడాప్టర్ వేస్తే, 100 న్యూటన్ మీటర్లు రావాలంటే రెంచ్‌ను 80కే పెట్టాలి: 100ను 400తో గుణించి 500తో భాగించాలి. మార్చకుండా 100కే పెడితే బోల్టు మీద 125 పడుతుంది. అడాప్టర్‌ను రెంచ్‌కు లంబంగా తిప్పి పెడితే ఈ దిద్దుబాటు అక్కర్లేదు. ఇరుకు చోట్ల అది అటూ ఇటూ కాని కోణంలో నిలుస్తుంది. అలాంటప్పుడు చోటు చేసుకోవడమో, వేరే పనిముట్టు తెచ్చుకోవడమో చేయాలి తప్ప ఊహతో లెక్క కట్టకూడదు.

ఆయిల్ ఫిల్టర్ దగ్గరే మరో పాత పొరపాటు ఉంది. పాత సీలింగ్ రింగు గేర్‌బాక్స్ ముఖానికి అతుక్కుపోయి ఉండగా దాని మీదే కొత్తది పెట్టి బిగించడం. రెండు రింగుల మీద కూర్చున్న ఫిల్టర్ గ్రౌండ్ రన్‌లో, అంటే నేల మీదే ఇంజిన్ నడిపి చూసేటప్పుడు, కారకపోవచ్చు. వేడెక్కి, ఒత్తిడి పెరిగాక పక్కకు జారుతుంది. తీసిన రింగును చేతిలోకి తీసుకుని చూసేదాకా కొత్తది కవర్‌లోంచి తీయకపోవడమే దీనికి మందు.

అయస్కాంతం మీది ముక్క

గేర్‌బాక్స్ లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి ఆయిల్ దారిలో అయస్కాంతపు ప్లగ్గులు ఉంటాయి. వాటినే చిప్ డిటెక్టర్లు అంటారు. మెత్తటి బూడిదలాంటి నుసి మామూలు అరుగుదల. పలచని, మెరిసే, ఒకవైపు నున్నగా ఉన్న రేకులైతే బేరింగ్ లేదా గేరు ముఖం పెచ్చులూడుతున్నట్టు.

2009 మార్చి 25న స్కాట్‌లాండ్‌లో ఒక ఏఎస్‌332 ఎల్2 సూపర్ ప్యూమా ప్రధాన గేర్‌బాక్స్ ప్లగ్గు మీద ఒక లోహపు ముక్క దొరికింది. ఆ ముక్క ఏమిటో తేల్చడానికి నిర్వాహకులు, తయారీదారు మధ్య ఫోన్లు, ఈమెయిళ్లు నడిచాయి. ఆ మాటల్లో ఒకరు అడిగింది ఒకటి, మరొకరికి అర్థమైంది మరొకటి. గేర్లున్న ఆ భాగాన్ని విప్పకుండానే హెలికాప్టర్ మళ్లీ ఎగిరింది. 36 గంటల ఎగురుడు తర్వాత, ఏప్రిల్ 1న పీటర్‌హెడ్ తీరానికి దగ్గర్లో గేర్‌బాక్స్ ముక్కలై, రోటర్ ఊడి, 16 మంది చనిపోయారు. బ్రిటన్ దర్యాప్తు సంస్థ ఏఏఐబీ చెప్పిన మరో సంగతి ఇంకా గుచ్చుకుంటుంది. గేర్‌బాక్స్ లోపల డిజైన్‌లోనే ఒక అయస్కాంతాల వరస ఉంది. రాలిన ముక్కలు అక్కడే అంటుకుపోయి, కింద ప్లగ్గు దాకా చేరే అవకాశం తగ్గింది. ఆ మొదటి ముక్క తర్వాత ప్లగ్గు శుభ్రంగా ఉండటం గేరు బాగుందని చెప్పలేదు. ముక్కలు వేరేచోట ఆగిపోయే వీలుంది.

అందువల్ల ప్లగ్గు మీద ముక్క దొరికితే తుడిచి మళ్లీ పెట్టడం పని కాదు. దాన్ని దాచాలి, స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయాలి, పొడవు వెడల్పులు రాయాలి. ఏ లోహమో పరీక్షలో తేలేదాకా అది గేరు ఉక్కే అనుకుని నడుచుకోవాలి. తయారీదారును అడిగేటప్పుడు ఏ ప్లగ్గు మీద, ఏ మాడ్యూల్‌లో, ఎన్ని గంటల దగ్గర దొరికిందో ఒకే కాగితం మీద రాసి పంపాలి. జవాబు కూడా ఏ పని చేయాలో, ఆ పని నంబరుతో సహా కాగితం మీద రావాలి. ఫోన్‌లో విన్నది మెకానిక్ చేతికి పని ఆదేశం కాకూడదు.

కంపనాలను సెన్సర్లతో కొలిచే హెచ్‌యూఎంఎస్ వ్యవస్థ ఉన్నా ఈ మనిషి మెట్టు తప్పదు. 2016 డిసెంబర్ 28న ఉత్తర సముద్రంలో వెస్ట్ ఫ్రాంక్లిన్ ప్లాట్‌ఫారమ్ మీద దిగుతున్న ఎస్‌-92కు టెయిల్ రోటర్ అదుపు తప్పింది. హెలికాప్టర్ గిర్రున తిరుగుతూ డెక్ మీద గీతలు పడేలా దిగింది. లోపలున్న 9 మందికీ ప్రాణాపాయం తప్పింది. పాడైన బేరింగ్ సంగతిని యంత్రం ముందే పట్టుకుంది. ఆ లెక్క మామూలు నిర్వహణలో స్క్రీన్ చూసినవారి దృష్టికి రాలేదు. ఏఏఐబీ దీన్ని మనిషి మీదే వదిలేయకుండా, ఆ స్క్రీన్ సమాచారాన్ని చూపించే తీరును కూడా తప్పుపట్టింది. హెచ్చరిక అడుగునెక్కడో ఒక వరసలో ఉంటే కన్ను దాటిపోవడం సహజం.

రెండో జత కళ్లు

కంట్రోళ్లు, రోటర్, ఇంజిన్ ఇంధనం లాంటి చోట్ల పని చేసినవారు కాక మరొకరు చూసి సంతకం చేయాలన్నది ఇండిపెండెంట్ ఇన్‌స్పెక్షన్. 2010 జూలై 28న అమెరికాలోని టూసాన్ నగరంలో ఒక ఎయిర్ అంబులెన్స్, ఏఎస్‌350 బీ3, ఇంజిన్ శక్తి కోల్పోయి ఇళ్ల మధ్య కూలింది. ముగ్గురు సిబ్బంది చనిపోయారు. ఇంజిన్ మళ్లీ అమర్చేటప్పుడు ఇంధనం లోపలికి వెళ్లే యూనియన్‌ను రిపేర్ సంస్థ టెక్నీషియన్ సరిగా బిగించలేదు. ఆ పనిని నిర్వాహకుల మెకానిక్‌లు సరిగా చూడలేదు. మరమ్మతు తర్వాత పరీక్షించిన పైలట్ తయారీదారు చెప్పిన పద్ధతి పాటించలేదు. వీటితోపాటు, ఇలాంటి పనిని మరొకరు తప్పక చూడాలన్న నియమం అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏకు గానీ, నిర్వాహకులకు గానీ, రిపేర్ సంస్థకు గానీ లేకపోవడాన్ని కూడా ఎన్‌టీఎస్‌బీ కారణాల్లోనే చేర్చింది.

నియమం ఉన్నంత మాత్రాన రెండో కళ్లు పని చేస్తాయనుకోవద్దు. లాస్ వేగస్ హెలికాప్టర్‌ను ఇన్‌స్పెక్టర్ చూశాడు. అయినా దాటిపోయింది. మెకానిక్, ఇన్‌స్పెక్టర్ ఇద్దరూ అలసి ఉన్నారని, మెకానిక్‌ను సెలవు రోజున, అలవాటు లేని వేళకు పనికి పిలిచారని దర్యాప్తు గమనించింది. అలిసిన కన్ను ఉండాల్సినదాన్నే చూస్తుంది. పిన్ను ఉండాలి కాబట్టి ఉన్నట్టే కనిపిస్తుంది. పైగా ఇద్దరు సంతకం చేసే పనిలో ఒక వింత బలహీనత ఉంది: మొదటివాడు రెండోవాడు చూస్తాడులే అనుకుంటాడు, రెండోవాడు మొదటివాడు మంచి పనివాడు కదా అనుకుంటాడు.

అందుకే రెండో తనిఖీ చేసేవారు ఆ పనిలో వేలు పెట్టి ఉండకూడదు. ప్యానెల్ మూయకముందే రావాలి. దీపం, అద్దం పట్టుకుని పిన్ను కాళ్లు రెండూ కంటితో చూడాలి, వేలితో తాకాలి. కంట్రోల్‌ను రెండు కొసల దాకా కదిపి, కర్ర ఎటు వెళ్తే రోటర్ అటే వంగుతోందో లేదో గమనించాలి. తనిఖీలో ఏదైనా మళ్లీ విప్పి సర్దితే ఆ తనిఖీ చెల్లదు, మొదటినుంచి చేయాలి. ఇద్దరే మనుషులున్న చిన్న స్థావరాల్లో ఇది కష్టమే. అక్కడ పనిని రోజుల వారీగా సర్దుకోవాలి తప్ప తనిఖీని తగ్గించుకోకూడదు.

కెనడా రవాణా శాఖలో పనిచేసిన గోర్డన్ డుపాంట్ 1993లో నిర్వహణ తప్పుల వెనకుండే మనిషి కారణాలను 12గా కూర్చాడు. దాన్ని డర్టీ డజన్ అంటారు. అలసట, ఒత్తిడి, పని మధ్యలో పిలుపు, అతివిశ్వాసం, "ఇక్కడ ఎప్పుడూ ఇలాగే చేస్తాం" అన్న అలవాటు అందులో ఉన్నాయి. వాటిలో నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా తోచేది పని మధ్యలో పిలుపు. నట్టును వేళ్లతో బిగించిన క్షణంలో ఫోన్ మోగుతుంది. తిరిగొచ్చాక కళ్లకు నట్టు కనిపిస్తుంది, మెదడు "అయిపోయింది" అంటుంది. దీనికి పాత సూత్రం ఉంది: తిరిగొచ్చాక మూడు మెట్లు వెనక్కి వెళ్లి మొదలుపెట్టు. ఇంకొకటి, టార్క్ చేయని నట్టును చేత్తో బిగించి వదలకు. తీసేసి సంచిలో వేసి, జాయింటుకు ఎర్ర ట్యాగు కట్టు. ఖాళీ బోల్టు చూసినవారు ఆగుతారు, నట్టు వేసి ఉన్న బోల్టు చూసి ఎవరూ ఆగరు. టార్క్ అయిన తర్వాతే నట్టు మీదుగా రంగు గీత గీయాలి. ముందే గీస్తే ఆ గీత కూడా అబద్ధం చెప్తుంది.

పని కార్డు రాసే తీరుకు కూడా ఇందులో వాటా ఉంది. లాస్ వేగస్ కేసులో చేయాల్సిన పనిని స్పష్టమైన మెట్లుగా విడగొట్టకపోవడాన్ని ఎన్‌టీఎస్‌బీ దోహదం చేసిన కారణంగా పేర్కొంది. "సర్వో మార్చుము" అని ఒక గడి, పక్కన ఒక సంతకం ఉంటే, ఆ ఒక్క సంతకం కింద నట్టు పరీక్ష, టార్క్, పిన్ను, కదలిక అన్నీ దాక్కుంటాయి. ఏది జరగలేదో ఆ కాగితం చెప్పలేదు.

అయితే ప్రతి గేర్‌బాక్స్ ప్రమాదాన్నీ హ్యాంగర్ మీదకు నెట్టడం అన్యాయం. 2016 ఏప్రిల్ 29న నార్వేలో 13 మందిని బలిగొన్న ఈసీ225 గేరు పగులు గానీ, 2018 అక్టోబర్‌లో లెస్టర్‌లో ఐదుగురు పోయిన ఏడబ్ల్యూ169 టెయిల్ రోటర్ బేరింగ్ వైఫల్యం గానీ మెకానిక్ చేతి తప్పులు కావు. వాటి మూలాలు డిజైన్‌లో, బరువుల అంచనాలో ఉన్నాయి. అక్కడ ఎంత చక్కగా బిగించినా ఆగేది కాదు. ఈ తేడా చూడకపోతే దిద్దాల్సినచోట దిద్దుబాటు జరగదు.

మరమ్మతు తర్వాతి మొదటి ఎగురుడు

ఇంజిన్ లేదా కంట్రోళ్ల మీద పని జరిగాక హెలికాప్టర్ ఎక్కాల్సింది ప్రయాణికులు కాదు. ముందు గ్రౌండ్ రన్, ఆపి లీకుల కోసం చూడటం, తర్వాత తక్కువ ఎత్తులో ఒకేచోట నిలిపే హోవర్, మళ్లీ దించి ప్యానెళ్లు తెరిచి చూడటం, ఆ పైనే పరీక్షా ప్రయాణం. ప్రయాణంలో ఏ రీడింగ్ ఎంత ఉండాలో ముందే కాగితం మీద ఉండాలి. ఈ దశలోనూ ప్రాణాలు పోతాయి. 2019 డిసెంబర్ 5న అమెరికాలోని మిన్నెసోటాలో నేషనల్ గార్డ్ బ్లాక్ హాక్ ఒకటి సరిగ్గా ఇలాంటి పరీక్షలోనే కూలి ముగ్గురు సైనికులు చనిపోయారు. ఇంజిన్‌కు ఇంధనం కొలిచి పంపే యూనిట్‌ను సరిగా అమర్చలేదు. ఇంజిన్ ఆగాక సిబ్బంది స్పందన కూడా సరిపోలేదు. మరమ్మతు చేసిన ఇంజిన్‌ను గట్టిగా పరీక్షించే క్షణమే అది ఆగిపోవడానికి అవకాశం ఎక్కువున్న క్షణం. కాబట్టి ఆ పరీక్షను దిగడానికి చోటున్న ఎత్తులో, మైదానం మీద చేయాలి. ఇంజిన్ ఆగితే ఎవరు ఏం చేయాలో నేల మీదే మాట్లాడుకుని ఎక్కాలి.

ఆ ఎగురుడుతో కూడా పని ముగియదు. కొత్తగా బిగించిన జాయింటులో రంగు పొరలు, వాషర్లు సర్దుకుని బిగువు కొంత తగ్గుతుంది. కొన్ని గంటల తర్వాత మళ్లీ టార్క్ చూడమని మాన్యువల్ చెప్పేది అందుకే. ఆ గంటలు నిండేసరికి హెలికాప్టర్ వేరే స్థావరంలో, వేరే మెకానిక్ చేతిలో ఉండొచ్చు. కాబట్టి లాగ్‌బుక్‌లో ఏం రాశామన్నది అతనికి చాలా ముఖ్యం. "సర్వో మార్చడమైనది, బాగున్నది" అని రాస్తే అతనికి ఏమీ తెలియదు. ఇలా రాస్తే తెలుస్తుంది: "ముందు-వెనక సర్వో మార్చితిమి. ఇన్‌పుట్ కడ్డీ బోల్టుకు కొత్త నట్టు, పార్ట్ నంబరు ఫలానా. చేత్తో తిరగలేదు, నిరోధం కొలిచితిమి, విలువ ఫలానా. టార్క్ ఫలానా, రెంచ్ నంబరు ఫలానా. కొత్త స్ప్లిట్ పిన్ను వేసి రెండు కాళ్లూ మడిచితిమి. ప్యానెల్ మూయకముందు రెండో తనిఖీ జరిగినది. మళ్లీ టార్క్ చూడవలసిన గంటలు ఫలానా."